కాలి కింద ఎనిమిది గడులు

మా ఆయన పాడటం మొదలుపెడితే కళ్ళు మూసుకుంటారు. మనిషి మంచివారే, గొంతు కూడా ఫరవాలేదు. చిక్కల్లా ఏమిటంటే, ఫ్రిస్కోలో మా తెలుగు చర్చివాళ్ళు ఆయనకి అప్పజెప్పిన పని పాటల స్లైడ్లు మార్చడం.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాలు అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. పాట మొత్తం తెర మీద వస్తుంది. పెద్దవాళ్ళ కోసం తెలుగులో, దాని కిందే ఇక్కడ పుట్టిన పిల్లల కోసం ఇంగ్లీషు అక్షరాల్లో. చరణం అయిపోయి పల్లవి అందుకునే సరికి తెర కూడా పల్లవి దగ్గరికి రావాలి. మా ఆయన రెండో చరణంలో లీనమైపోతే తెర మాత్రం మొదటి చరణం దగ్గరే నిలబడిపోయేది. తెర చూసి పాడే పిల్లలు ఒకటి పాడుతుంటే, నోటికి వచ్చిన పెద్దవాళ్ళు ఇంకోటి పాడేవారు.

కీబోర్డు వాయించే అక్కకి ఇది ప్రాణసంకటం. ఆవిడది నరసాపురం. ఇక్కడ ఒక హాస్పిటల్లో నర్సు. యాభై దాటిన మనిషి, నీరెండలాంటి నవ్వు, కంచులాంటి కంఠం. పాట మధ్యలో ఊపిరి తీసుకునే చోటు దొరికితే చాలు, "తమ్ముడూ, స్లైడ్!" అని శ్రుతి తప్పకుండా ఒక కేక వేసేది. అది కూడా పాటలో మాటే అనుకుని చిన్నపిల్లలు కొందరు దాన్నీ కలిపి పాడటం నేను నా చెవులతో విన్నాను.

అప్పటికి మేం అరోరా అనే ఇంకో ఊరి నుంచి ఇక్కడికి వచ్చి కొద్ది నెలలే అయింది. మా ఆయన ఉద్యోగం మారింది. నాది ఇంటి నుంచే పని, ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్. పొద్దున్నే గరాజ్ తలుపులు లేచి కార్లు వెళ్ళిపోయాయంటే సాయంత్రం దాకా మా వీధిలో మనిషి అలికిడి ఉండదు. అరోరాలో ఉన్నన్నాళ్ళూ పక్కింటి నుంచి కరివేపాకు తెచ్చుకుని, అక్కడే గంట కూర్చుని వచ్చేదాన్ని. ఇక్కడ కరివేపాకు మొక్క నేనే కొనుక్కుని పెంచుకున్నాను. దానితోనే మాట్లాడుకునేదాన్ని కూడా.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఆ అక్క ప్లేటు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"మీ ఆయన్ని ఏమీ అనకేం. భక్తి ఉన్నవాణ్ణి తిడితే మనకే పాపం" అంది. "కానీ ఆ స్లైడ్లు నా చేతిలో ఉంటే ఎంత బావుణ్ణు!"

"మీ రెండు చేతులూ కీబోర్డు మీదే ఉంటాయి కదక్కా?"

"కాళ్ళు లేవూ? కుడికాలు పెడల్ తొక్కుతుంది. ఎడమకాలు ఉత్తినే కూర్చుని జీతం తీసుకుంటోంది. నువ్వు కంప్యూటర్ దానివేగా, దానికేదన్నా పని చెప్పు."

సంగీతం వాళ్ళ కోసం కాలితో పేజీలు తిప్పే పెడళ్ళు అమ్ముతారని నాకు తెలుసు. ఫోన్‌లో ఒకటి చూపించాను. దానికి రెండే మీటలు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి.

"మరి మూడో చరణం నుంచి పల్లవికి రావాలంటే?"

"ఒక్కొక్కటే వెనక్కి నొక్కుకుంటూ రావాలి."

"అప్పటికి పాట అయిపోయి కానుకలు పట్టేస్తారు." అక్క వేళ్ళు ముడుస్తూ చెప్పింది. "ముందుకొకటి, వెనక్కొకటి, సూటిగా పల్లవికొకటి. ప్రార్థనప్పుడు తెర నల్లగా చెయ్యడానికి ఇంకొకటి. నాలుగు కావాలి నాకు."

ఇంటికి వస్తున్నంతసేపూ కార్లో ఆ నాలుగు మీటల గురించే ఆలోచించాను. గరాజ్‌లోకి కారు పెడుతుంటే గోడ వార చుట్టి పెట్టిన డాన్స్ మ్యాట్ కనిపించింది. మా అమ్మాయి కోసం అరోరాలో ఒక గరాజ్ సేల్‌లో కొన్నది. తెర మీద బాణాలు పడుతుంటే కింద ఆ బాణం ఉన్న గడి మీద గెంతాలి. ఆట ఆడించే పెట్టె ఎప్పుడో చెడిపోయింది, మ్యాట్ మిగిలింది. మధ్య గడి చుట్టూ ఎనిమిది గడులు. ఒక్కో గడీ ఒక్కో మీట. కాలితో తొక్కడానికే పుట్టిన వస్తువు.

"ఇది పారేద్దామనుకున్నాంగా?" అన్నారు మా ఆయన.

"మీ పదవి పోతోంది" అన్నాను.

బిస్కెట్టంత బోర్డు ఒకటి ఆర్డర్ చేశాను. లాప్‌టాప్‌కి తగిలిస్తే తాను కూడా ఒక కీబోర్డునే అని నమ్మించగలదు. మ్యాట్ మీద కాలు పడ్డప్పుడు అది ముందుకి బాణం మీట నొక్కినట్టు నటిస్తే చాలు, స్లైడ్ మారుతుంది. అయితే దానికి ఏం చెయ్యాలో చెప్పాల్సింది సి భాషలో. కాకినాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు పరీక్ష గట్టెక్కేంత నేర్చుకుని, ఆ పూటే మరిచిపోయిన భాష అది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దాని అవసరం ఒక్కసారి పడలేదు.

మ్యాట్ అంచున ఉన్న ప్లాస్టిక్ డబ్బా విప్పితే గడికొక తీగ చొప్పున ఎనిమిది తీగలు, అన్నిటికీ ఉమ్మడిగా ఇంకొకటి కనిపించాయి. వాటిని బోర్డుకి అతికించి, మ్యాట్‌ని వంటింట్లో నేల మీద పరిచాను. బోర్డు ఆ ఎనిమిది తీగలనీ ఒకేసారి చూసి ఒకే ఒక్క అంకె చెబుతుంది. ఎనిమిది గడులకి ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్టూ సున్నానో ఒకటో. మొదటి గడి విలువ ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు, నాలుగోది ఎనిమిది, అలా ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. ఏవేవి తొక్కితే వాటి విలువలన్నీ కలిసి వస్తాయి. ఇదీ నాకు గుర్తున్న పాఠం.

మొదటిసారి నడిపినప్పుడు మ్యాట్ మీద ఈగ కూడా లేదు. అంకె రెండువందల యాభై అయిదు అని వచ్చింది. అంటే ఎనిమిది గడులూ ఎవరో తొక్కి పట్టుకున్నట్టు. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ అతికించాను. అదే అంకె. కుడి బాణం గడి మీద నిలబడ్డాను. అంకె పెరగకపోగా ఎనిమిది తగ్గింది!

అప్పుడు వెలిగింది. ఈ బోర్డు ఊరికే ఉన్న తీగని ఒకటి అని చదువుతుంది. కాలు పడితే తీగ ఆ ఉమ్మడి తీగకి, అంటే గ్రౌండ్‌కి, తగిలి సున్నా అవుతుంది. అంతా తిరగేసి ఉందన్నమాట. సి భాషలో దానికి మందు ఒక చిన్న అల లాంటి గుర్తు, ~ అని. అంకె ముందు అది పెడితే సున్నాలన్నీ ఒకట్లు, ఒకట్లన్నీ సున్నాలు అవుతాయి. ఆ ఒక్క గుర్తూ పెట్టి మళ్ళీ నడిపాను. సున్నా. కుడి గడి మీద నిలబడ్డాను. ఎనిమిది. దిగాను. సున్నా. ఒక్కదాన్నే వంటింట్లో ఎక్కుతూ దిగుతూ ఎంతసేపు నవ్వుకున్నానో! బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్ళు టెస్ట్ చేసినా అలాంటి సంతోషం ఏనాడూ కలగలేదు.

అక్కకి మంగళవారం సెలవు. చేపల పులుసు గిన్నె పట్టుకుని వచ్చి, వచ్చీ రాగానే బూట్లు విప్పేసి మ్యాట్ ఎక్కింది.

"తొక్కమంటే తొక్కుతాను గానీ, లోపల ఏం జరుగుతోందో నాకు తెలుగులో చెప్పు" అంది.

"మీ ఊళ్ళో హాల్లో స్విచ్ బోర్డు ఉంటుంది కదక్కా, ఎనిమిది స్విచ్‌లది? ఏవి వేశారో, ఏవి ఆపారో ఒక్కొక్కటే చెప్పకుండా మొత్తం బోర్డు సంగతి ఒకే అంకెలో చెప్పేస్తోంది."

"ఒకే అంకెలో ఎలా? రెండు స్విచ్‌లు వేస్తే ఏవి వేశామో తెలీద్దా?"

"తెలుస్తుంది. ఎనిమిదీ రెండూ కలిపితే పది. ఇంకే రెండు గడులు తొక్కినా పది రాదు."

అక్క కాసేపు నోట్లో నోట్లో లెక్క కట్టుకుంది. నాలుగూ ఆరూ అనబోయి, ఆరు విలువ ఉన్న గడి లేదని తానే గ్రహించింది. "బావుంది సుమా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి పాట ఒకటి లాప్‌టాప్‌లో తెరిచి పెట్టాం. "ముందు మాజీ అధికారి చేత ప్రారంభోత్సవం" అంది అక్క. ఆయన సాక్స్‌తోనే కుడి గడి మీద నిలబడ్డారు. పల్లవి, మూడు చరణాలు, ఆఖరి ఖాళీ స్లైడూ రెప్పపాటులో సర్రున వెళ్ళిపోయాయి. నేను ఒకసారి తొక్కితే ఒకసారి మారుతుందనుకున్నాను. బోర్డు మాత్రం కాలు ఉన్నంతసేపూ, సెకనుకి లెక్కలేనన్నిసార్లు, తొక్కారు తొక్కారు అని చెబుతూనే ఉంది.

"నా కంటే ఇది ఘోరంగా ఉంది" అన్నారు ఆయన చాలా తృప్తిగా.

దాన్ని ఆ సాయంత్రమే సరిచేశాను. ఇందాకటి అంకె గుర్తుపెట్టుకోవడం, అంకె మారి, ఆ కొత్త అంకె సరిగ్గా ఎనిమిది అయితేనే స్లైడ్ మార్చడం. శనివారం అక్క వాళ్ళింట్లో ప్రాక్టీసు. డైనింగ్ కుర్చీ వేసుకుని, ముందు మ్యాట్ పరుచుకుని, ఎడమకాలి బొటనవేలితో గడులు వెతుక్కుంటూ అక్క అయిదు పాటలు వాయించింది. ఒక్క చోట తప్పు పోలేదు. పల్లవి గడి తొక్కినప్పుడల్లా తెర ఠక్కున మొదటికి వచ్చేస్తుంటే ఆవిడ మొహం చూడాలి!

ఆదివారం వచ్చింది. హాల్లో వేదిక ఇరుకు. మ్యాట్ ఎలాగోలా కీబోర్డు కింద పరిచి, లాప్‌టాప్‌కి తీగ తగిలించాను. మా ఆయన జీవితంలో మొదటిసారి ముందు వరసలో కూర్చుని, కళ్ళు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. మొదటి పాట పల్లవి అయింది. అక్క కుడి గడి తొక్కింది. ఏమీ కాలేదు. గట్టిగా తొక్కింది. ఏమీ కాలేదు. వాయిస్తూనే నా వైపు చూసింది. నేను అదే వరస చివర కూర్చుని, చెమటలు పట్టి, ప్రార్థన మొదలుపెట్టాను. అక్క మడమతో ఒక్కటి వేసింది. వేదిక చెక్క డబ్బున మోగింది. డ్రమ్స్ వాయించేవాళ్ళు కూడా వచ్చారేమోనని వెనక వరస వాళ్ళు తలలెత్తి చూశారు. తెర కదల్లేదు.

"తమ్ముడూ, స్లైడ్!"

మా ఆయన లేచి లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తారు. ఆయన పరుగులో ఉన్న హుషారు దాచుకోవడానికి ప్రయత్నం చేశారని కూడా నేను చెప్పలేను.

అందరూ భోజనాలకి వెళ్ళాక లాప్‌టాప్ పట్టుకుని వేదిక మీద కూలబడ్డాను. ముందురోజు దాకా బంగారంలా పనిచేసింది కదా! అంకె చూద్దామని తెరిచాను. మ్యాట్ మీద ఎవరూ లేరు, అంకె మాత్రం అరవై నాలుగు. చెయ్యి చాపి కుడి గడి నొక్కాను. డెబ్భై రెండు. అరవై నాలుగు విలువ ఉన్న గడి ఏదా అని వెతికితే, అది వెనక మూల గడి. దాని మీద, ఎంతో బుద్ధిగా, అక్క స్టూలు కాలు ఒకటి నిలబడి ఉంది.

పాపం ఆ బోర్డు చెప్పింది నిజమే. రెండు గడుల మీద బరువు ఉంది, రెండూ చెప్పింది. తప్పంతా నేను అడిగిన ప్రశ్నలో ఉంది. "అంకె ఎనిమిదేనా?" అని అడిగాను. అడగాల్సింది "అందులో ఎనిమిది ఉందా?" అని. మొదటి ప్రశ్నకి రెండు సమాన గుర్తులు. రెండో ప్రశ్నకి & గుర్తు. అంకెకీ ఎనిమిదికీ మధ్య ఆ గుర్తు పెడితే మిగతా ఏడు గడుల మీద చెయ్యి అడ్డం పెట్టి ఆ ఒక్క గడినే చూసినట్టు. స్టూలు ఉంటే ఏమిటి, ఏనుగు ఉంటే ఏమిటి!

అక్క నాకోసం ప్లేటు పట్టుకొచ్చి, వేదిక మెట్టు మీద కూర్చుంది. సంగతి చెప్పాను. కోప్పడుతుందేమో అనుకున్నాను.

"అయితే నా తొక్కుడు తప్పు కాదన్నమాట" అంది ఊపిరి పీల్చుకుని. "నా కాలికే బలం చాలట్లేదేమో, షుగరేమన్నా వచ్చిందేమో అని తెగ దిగులుపడ్డాను."

ఇద్దరం ఆ ఖాళీ హాల్లో పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే నేను ఆ రెండు లైన్లు మార్చాను. ఇప్పుడు ఉన్న గడుల్లోంచి ఇందాకా ఉన్నవాటిని తీసేస్తే కొత్తగా తొక్కినవి మాత్రమే మిగులుతాయి. ఆ మిగిలినవాటిలో కుడి గడి ఉందా, పల్లవి గడి ఉందా అని ఒక్కొక్కటే & తో అడగడం. స్టూలు ఎక్కడుందో అక్కడే ఉంచి అక్కని వాయించమన్నాను. నూనె రాసినట్టు నడిచింది. పై ఆదివారం నుంచి మా చర్చిలో "తమ్ముడూ, స్లైడ్" అనే మాట వినబడలేదు. ఆ మాట ఏమైందని ఒక చిన్నది వాళ్ళమ్మని అడిగిందట. మా ఆయన ఇప్పుడు పాడేవాళ్ళ వరసలో నిలబడి, హాయిగా, బాధ్యత లేని మనిషిలా కళ్ళు మూసుకుంటున్నారు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ తర్వాతి మంగళవారం అక్క మళ్ళీ తలుపు కొట్టింది.

"అది నాక్కూడా నేర్పు."

"ఏదక్కా?"

"ఆ రాత. సి ఏదో అన్నావు కదా. ఇన్నేళ్ళుగా హాస్పిటల్లో మిషన్లు కూతపెడితే మీటలు నొక్కడమే తప్ప, లోపల ఏముందో చూసిన పాపాన పోలేదు."

నా లంచ్ బ్రేక్‌లో వంటింటి బల్ల దగ్గర మా బడి మొదలైంది. ఆవిడ లైను చివర సెమీకోలన్ పెట్టడం మరిచిపోయేది. మరిచిపోయి కంప్యూటర్‌నే తిట్టేది. "ఒక్క చుక్కకి ఇంత రాద్ధాంతమా, మా హెడ్ నర్సు నయం" అనేది. నేను చెప్పేదానికంటే ఆవిడ అడిగేదే ఎక్కువ. ఆవిడకి జవాబు చెప్పడానికని నేను కాలేజీలో దాటేసిన పాఠాలన్నీ కూర్చుని చదువుకోవలసి వచ్చింది. పాఠం అయ్యాక టీ. టీ తర్వాత వాళ్ళ నరసాపురం కబుర్లు, మా అరోరా కబుర్లు. మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్ళడం నాకు అలవాటైపోయింది.

మా పాస్టర్ గారు వారమంతా ఆఫీసులో డేటాబేసులు చూసుకుని ఆదివారం వాక్యం చెబుతారు. వారం పొడుగునా మాట్లాడే అవకాశం దొరకదేమో, మొదలుపెడితే ఆపడం కష్టం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "టైమ్ మించితే సైగ చెయ్యండమ్మా" అని ఆయనే అక్కకి చెప్పి పెట్టారు. అక్క చెయ్యి ఊపేది, వాచీ చూపించేది, దగ్గేది. వాక్యంలో మునిగిన మనిషికి అవేవీ కనిపించేవి కావు.

ఆ ఆదివారం భోజనాల్లో చికెన్ బిర్యానీ. పెద్ద పెద్ద ట్రేలు పక్క హాల్లోకి వచ్చేశాయి. తలుపు సందులోంచి వాసన వస్తోంది. పిల్లలు కుర్చీల్లో జారిపోతున్నారు. పాస్టర్ గారు "ఇక చివరిగా" అని అప్పటికే కొన్నిసార్లు అన్నారు. ఆయన వెనక తెర మీద బైబిల్ వచనం ఉంది. ఉన్నట్టుండి అది మాయమై, పెద్ద అక్షరాలు వచ్చాయి.

"పాస్టర్ గారూ, బిర్యానీ చల్లారిపోతోంది."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వెనక వరస. పాస్టర్ గారు తాను చెప్పిన మాటకే నవ్వారనుకుని, సంతోషించి, ఇంకో ఉదాహరణ ఎత్తుకోబోయారు. అప్పటికి హాలంతా నవ్వు. ఆయన అనుమానంగా వెనక్కి తిరిగి చూశారు. చదివారు. మెల్లగా కీబోర్డు వైపు తిరిగారు. అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎంతో వినయంగా కూర్చుని ఉంది.

"సిస్టర్, ఒక్క మాట చెప్పి ముగించనా?"

అక్క కాళ్ళు కదిపింది. తెర మీదికి వచనం తిరిగి వచ్చింది. ఆయన నిజంగానే ఒక్క మాట చెప్పి, ప్రార్థన చేసి ముగించేశారు. ఆ రోజంత గట్టి ఆమెన్ నేను ఎప్పుడూ వినలేదు.

భోజనాల దగ్గర అక్కని పట్టుకున్నాను. "నాకు చెప్పకుండా ఎప్పుడు చేశారు?"

"నిన్న. మా డాబా మీద కూర్చుని కాదులే, ఇక్కడ డాబా ఎక్కడిది, గరాజ్‌లో." అక్క గర్వం దాచుకోలేకపోతోంది. "వెనక్కి గడి, నలుపు గడి రెండూ కలిపి తొక్కితేనే ఆ స్లైడ్ రావాలని రాశాను. మొదట ఉత్తి & పెడితే రెంటిలో ఏది తొక్కినా వచ్చేస్తోంది. ప్రార్థన మధ్యలో తెర నల్లగా చేద్దామంటే బిర్యానీ వస్తే నా గతేం కాను? తలపట్టుకున్నాను. తర్వాత తట్టింది. ఉందా అని అడిగితే చాలదు. ఆ రెంటినీ చూసి, మిగిలింది సరిగ్గా ఆ రెండేనా అని అడగాలి. ముందు &, దాని తర్వాత నీ రెండు సమాన గుర్తులు. నువ్వు వద్దన్నావు గానీ, అవి కూడా పనికొస్తాయే!"

ఆవిడ చెప్పింది అక్షరాలా సరైనది. నేను ఆ పాఠం ఇంకా చెప్పనే లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. బిర్యానీ ఘాటు అని చెప్పాను.

ఇంతలో పాస్టర్ గారు ప్లేటుతో మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"సిస్టర్, ఆ మ్యాట్ మీద నాకు కూడా ఒక గడి ఇప్పిస్తారా? పాట మరీ పొడుగైతే నేనూ ఏదన్నా తొక్కుతాను."

అక్క ఆయన ప్లేటులో ఇంకో ముక్క వేసింది. "గడులన్నీ నిండిపోయాయండీ" అంది తడుముకోకుండా.

ఇంకా ఖాళీ గడులున్నాయని నాకు తెలుసు. నేను పెరుగుపచ్చడి గిన్నె దగ్గరికి లాక్కుని, తలెత్తకుండా తినడంలో పడ్డాను.